లేని యంత్రం నడిపిన మనిషి

మా ల్యాబులో ఒక యంత్రం ఉండేది. ఉండేది అనకూడదేమో, ఎందుకంటే అది లేదు. వెయ్యీ ఇరవై నాలుగు ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసే పెద్ద కంప్యూటరు అది. దాన్ని ఎవరూ తయారు చెయ్యలేదు. అలాంటిది ఉంటే ఎలా నడుస్తుందో నటించి చూపించే ప్రోగ్రాం మాత్రం ఉండేది. దాన్ని సిమ్యులేటర్ అంటారు. ఇరవై రెండేళ్లు దాన్ని నడిపింది ఒక్క మనిషే. మేమంతా ఆవిడను అక్క అనేవాళ్లం. క్యాంటీన్ ఆయన మాత్రం "లేని మిషనమ్మ" అనేవాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మిషనే లేదంట, అదెంత స్పీడో చెప్పడానికి మాత్రం ఈవిడకి నెల జీతమంట" అని వారానికి ఒకసారైనా అనేవాడు.

అక్క టీ గ్లాసు అందుకుని, "ఉన్న మిషన్లు చెడిపోతాయండీ. నాది ఇంతవరకూ ఒక్కరోజు కూడా చెడిపోలేదు" అనేది.

ఆవిడ పని ఇది. మాలాంటి పరిశోధకులు ఒక లెక్కను చెయ్యడానికి కొత్త పద్ధతి కనిపెట్టామనుకుంటారు. వెయ్యి ప్రాసెసర్ల మీద అది ఎంత వేగంగా నడుస్తుందో తెలియాలి. వెయ్యి ప్రాసెసర్లు ఎవరిదగ్గరా లేవు. అందుకని అక్క దగ్గరికి వెళ్తారు. ఆవిడ దాన్ని సిమ్యులేటర్‌లోకి ఎక్కిస్తుంది. మామూలు కంప్యూటరొకటి ఆ వెయ్యి పాత్రలనూ ఒకదాని తర్వాత ఒకటి తానే వేస్తుంది. ఆ లేని యంత్రం ఒక్క సెకనులో చేసే పనిని నటించడానికి మా యంత్రానికి తొమ్మిది రోజులు పట్టేది. చివరికి ఒక అంకె వస్తుంది, ఇన్ని సైకిళ్లు అని. యంత్రం ఒకసారి టిక్కుమంటే ఒక సైకిలు. ఆ అంకె కోసం అక్క గది బయట పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.

నేను చేరిన మొదటి రోజు ఇదంతా నాకు బుర్రకెక్కలేదు. అక్క విసుక్కోలేదు. "మా అత్తగారికి ఎలా చెప్పానో నీకూ అలాగే చెప్తాను" అంది.

"ఒక్కరే వంట చేస్తే నాలుగ్గంటలు పడుతుంది అనుకో. పదహారు మందిని పెడితే పావుగంటలో అయిపోవాలి కదా? అవ్వదు. ఎందుకూ? ఉప్పుడబ్బా ఒక్కటే. ఒకరు వాడి ఇచ్చేదాకా ఇంకొకరు చెయ్యి చాపి నిలబడాలి. వండే టైము కన్నా నిలబడే టైము ఎక్కువ. నేను లెక్కపెట్టేది వంటని కాదు పిల్లా, నిలబడ్డాన్ని."

"మరి అత్తగారేమన్నారు?"

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచన, ఇది తెలుసుకోడానికి ఆఫీసెందుకే అంది."

అక్క ఇంజనీరు కాదు. ఇరవై ఆరేళ్ల వయసులో టైపిస్టుగా చేరింది. అప్పటి ప్రొఫెసరుగారు సిమ్యులేటర్‌ను కాగితాల మీద పెన్నుతో రాసేవారట. ఈవిడ టైపు చేస్తూ చేస్తూ, "ఇక్కడ మీరు రెండో ప్రాసెసరు వచ్చేదాకా ఆగమన్నారు, మూడోదాన్ని ఆపడం మర్చిపోయారు" అని చెప్పిందట. ఆయన మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు కుర్చీ తెచ్చి తన పక్కన వేయించారట. ఆయన రిటైరయ్యాక ఆ గది, ఆ కుర్చీ, ఆ లేని యంత్రం అక్కవి అయ్యాయి. డిగ్రీలున్నవాళ్లు రావడం, డిగ్రీ లేని ఈవిడ వాళ్ల తప్పులు పట్టడం మా ల్యాబులో మామూలు సంగతి. నాకు మాత్రం మొదట్లో ఒళ్లు మండేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

ఆవిడకొక నియమం ఉండేది. ప్రతి నెలా ఒకటో తారీఖున రెండు ప్రాసెసర్ల పరీక్ష చేసేది. ఒక ప్రాసెసరు ఇంకోదానికి ఒక్క కబురు పంపుతుంది, అంతే. పంపడానికి నాలుగు సైకిళ్లు, దారిలో అరవై. మొత్తం అరవై నాలుగు. ముందు ఈ లెక్కను పెన్సిలుతో కాగితం మీద వేసుకునేది, ఆ తర్వాతే యంత్రాన్ని నడిపేది. అదీ అరవై నాలుగంటే రిజిస్టర్లో టిక్కు పెట్టేది. "ఇంత చిన్నదానికి కాగితమెందుకు?" అని అడిగితే, "ముందు మిషన్‌ని అడిగితే అదేం చెప్తే అదే నిజమనిపిస్తుంది" అనేది.

ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్కు. నేను బావగారూ అని పిలిచేదాన్ని. సాయంత్రం గేటు దగ్గర నూనె మరకల చొక్కాతో నిలబడి, "మా ఆవిడ నా లిఫ్టులెక్కదు, భయం. ఆవిడ మిషన్ ఎక్కుదామంటే అది లేదు. ఇంక ఇద్దరం మెట్లే" అనేవాడు. పిల్లలు లేరు. ఆయన గుండె ఉబ్బి పనిచెయ్యడం మానేస్తోందని ఒక ఏడాది తెలిసింది. ఆ తర్వాతి ఏడాది మా ల్యాబు వీధి చివరున్న ఆస్పత్రిలో మూడు వారాలుండి ఒక మధ్యాహ్నం పోయాడు. ఆ మధ్యాహ్నం సంగతి ఇంకొంచెం ఆగి చెబుతాను. చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఐదో రోజున అక్క ఆఫీసుకు వచ్చింది. అందరం తలలు వంచుకున్నాం. ఆవిడ తన గది తలుపు తీసి, బల్ల తుడిచి, "ఎవరిది ముందుంది?" అని అడిగింది. ఏడవలేదు. ఆ తర్వాత కూడా ఏడవగా ఎవరూ చూడలేదు. జోకులకు నవ్వేది, కానీ అందరూ నవ్వడం అయిపోయాక నవ్వేది. ఒకసారి కాలుతున్న టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. క్యాంటీన్ ఆయనే చేతిలోంచి లాక్కున్నాడు. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. "కాలిందామ్మా?" అని అడిగితే, చేతికేసి చూసుకుని "కాలినట్టుంది" అంది. అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

ఈలోపు నా థీసిస్ పూర్తయింది. ఐదేళ్ల పని. పాత పద్ధతి కన్నా నా పద్ధతి నలభై శాతం వేగమని తేలింది. అక్క సిమ్యులేటరే తేల్చింది. మా గైడు గాల్లో తేలుతున్నాడు. మౌఖిక పరీక్షకు పన్నెండు రోజులుంది. థీసిస్ మొదట్లో ఒక పేజీ ఉంటుంది, సిమ్యులేటర్‌ను సరిచూశామని అక్క సంతకం పెట్టేది. ఆ పేజీ ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చాను. గంట తర్వాత ఆవిడ నా గది గుమ్మంలో నిలబడింది.

"ఒక్క నిమిషం రా" అంది.

బల్ల మీద కాగితం ఉంది. పెన్సిలుతో అరవై నాలుగు అని వేసి ఉంది. తెర మీద నాలుగు అని ఉంది.

"దారిలో పట్టే టైము సున్నా అని ఉంది. సెట్టింగుల ఫైల్లో" అంది అక్క. "కబుర్లు పంపగానే చేరిపోతున్నాయి. ఎవరూ ఎవరికోసం ఆగట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"పద్నాలుగు నెలలు."

నా పద్ధతిలో ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి ఎడతెగకుండా మాట్లాడుకుంటాయి. పాత పద్ధతిలో మూగమొద్దుల్లా దేని పని అవి చేసుకుంటాయి. మాటకు టైమే పట్టని లోకంలో వాగుడుకాయ గెలవక ఏం చేస్తుంది? నా నలభై శాతం అంతా అక్కడే ఉంది. లెక్కలు అంత తొందరగా పూర్తవుతుంటే మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. సరిగ్గా ఆ నెలలోనే ల్యాబుకు కొత్త కంప్యూటరు వచ్చింది. అంతా దాని మహిమ అనుకున్నాం.

"మరి రిజిస్టర్లో టిక్కులు? ప్రతి నెలా ఉన్నాయి కదా!"

"చెయ్యకుండా పెట్టాను."

"పద్నాలుగు సార్లా?"

"ఒకటో తారీఖు వచ్చేది. రిజిస్టరు తీసేదాన్ని. టిక్కు పెట్టేదాన్ని. చెయ్యలేదే అని కూడా అనిపించేది కాదు." ఈ మాటలు ఆవిడ బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ రాయలేను. ఒకటి మాత్రం రాస్తాను, రాయకపోతే ఇదంతా రాయడం దండగ. "మీ ఇంట్లో చావుకి నా థీసిస్‌కి తద్దినం పెట్టాలా?" అన్నాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. మౌసు కదిపి, సెట్టింగు ఎప్పుడు మారిందో చూపించే వరుసను తెర మీదికి తెచ్చింది. తారీఖు. మధ్యాహ్నం రెండూ యాభై రెండు.

ఆ తారీఖు నాకు తెలుసు.

ఆ రోజు ఒక సదస్సుకు వ్యాసం పంపాలి. సాయంత్రం ఐదుకు గడువు. వేగం సంగతి అటుంచి, నా ప్రోగ్రాం వెయ్యి ప్రాసెసర్ల మీద సరైన జవాబే ఇస్తుందని ఒక్కసారి నడిపి చూస్తే చాలు, వ్యాసం పంపొచ్చు. అక్క సెలవులో ఉంది. ఎందుకు సెలవో నాకు తెలుసు. తెలిసే ఫోన్ చేశాను. "అక్కా, ఆస్పత్రి ఇక్కడే కదా, ఒక్కసారి వచ్చి వెళ్తారా" అన్నాను. సరే అంది. మూడూ పదమూడుకు "జవాబు సరిగ్గా ఉంది" అని మెయిలు వచ్చింది. నేను వ్యాసం పంపేసి, స్నేహితులతో క్యాంటీన్‌కు వెళ్లి సమోసాలు తిన్నాను. బావగారు పోయాడని సాయంత్రం తెలిసింది. ఆ రెండు సంగతులనూ నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడకుండా ఉండటానికి పద్నాలుగు నెలలు బాగానే కష్టపడ్డాను.

అక్క ఆ విషయం ఎత్తలేదు. "రిపోర్టు రాస్తాను" అంది అంతే.

గైడు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "లేని యంత్రంలో లేని ఆలస్యం. ఎవరికమ్మా నష్టం? కబుర్లకి టైము పట్టదని అనుకుందాం అని ఒక లైను రాసెయ్యి, సరిపోతుంది" అన్నాడు. నాకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రాత్రికి ఆ లైను రాసేద్దామనే అనుకున్నాను. కానీ అప్పటికే అక్క రిపోర్టు డైరెక్టరుగారి బల్ల మీదికి చేరింది. "పద్నాలుగు నెలల ఫలితాలన్నీ అనుమానాస్పదం, కారణం నా అజాగ్రత్త, పరీక్ష చెయ్యకుండా టిక్కులు పెట్టాను" అని నాలుగు వాక్యాలు. కింద సంతకం. నా ఫోన్ ఊసే లేదు.

నా పరీక్ష వాయిదా పడింది. లెక్కలన్నీ మళ్లీ నడపాలన్నారు. దాంతో నా డిగ్రీ పోదని రెండు రోజుల్లోనే తేలిపోయింది, గడువు ఆరు నెలలు పెంచారు. పోయేది అక్క కుర్చీ అని కూడా తేలింది. విచారణకు ముగ్గుర్ని వేశారు. తప్పు పూర్తిగా ఆవిడదే అయితే సిమ్యులేటర్ నుంచి తప్పించి స్టోర్సుకు పంపేస్తారు. ఆస్పత్రిలో భర్త దగ్గరున్న మనిషిని ఒత్తిడి చేసి రప్పించారని, అందుకే మొదట ఆ సున్నా పడిందని తెలిస్తే హెచ్చరించి వదిలేస్తారు. ఈ మాట డైరెక్టరుగారి పీఏ నాకు చెప్పాడు. ఎందుకు చెప్పాడో, ఏం తెలిసి చెప్పాడో నాకు తెలియదు. ఆ కుర్చీ పోతే ఆవిడకు మిగిలేది అత్తగారి మందుల వేళలు, మూడో అంతస్తు ఇంటి మెట్లు. ఒక్క వాక్యంతో దాన్ని ఆపగలిగేది నేనొక్కదాన్నే.

చెప్పాలా వద్దా అని ఎనిమిది రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. చెబితే నా పేరూ ఫైలుకెక్కుతుంది. ఏడవాలనిపించలేదు, భయం కూడా పెద్దగా వెయ్యలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేదాన్ని. అక్క పద్నాలుగు నెలలుగా ఎక్కడుందో అప్పుడు కొంచెం తెలిసింది.

విచారణ రోజు పొడుగాటి బల్లకు అటువైపు డైరెక్టరుగారు, మా గైడు, బయటి సంస్థ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఇటువైపు అక్క. సాక్షిగా నేను గోడ పక్కన.

"ఆ రోజు మీరు సెలవులో ఉన్నారు. మరి రెండూ యాభై రెండుకి ఇక్కడెందుకున్నారు?" అని డైరెక్టరుగారు అడిగారు.

అక్క నోరు తెరవకముందే నేను లేచి నిలబడ్డాను. "నేను ఫోన్ చేశానండీ" అన్నాను. "ఆస్పత్రిలో ఉన్నారని తెలిసీ చేశాను. నా వ్యాసం కోసం రమ్మన్నాను. ఆ సున్నా నా తొందర వల్ల పడింది."

నా గుండెల మీంచి కుంపటి దింపినట్టయింది. ఆ ఒక్క క్షణం నేను మంచిదాన్నని కూడా అనుకున్నాను.

డైరెక్టరుగారు అక్కకేసి తిరిగారు. "నిజమేనా?"

"లేదండీ" అంది అక్క. "నాకెవరూ ఫోన్ చెయ్యలేదు. నేనే వచ్చాను."

"మరి ఈ అమ్మాయి..."

"చిన్నపిల్ల. నా మీద అభిమానం. నన్ను కాపాడాలని చెప్తోంది."

"అబద్ధం!" అన్నాను. గొంతు కీచుమంది. కానీ ఆ గదిలో ఇరవై రెండేళ్లుగా అంకె తప్పు చెప్పని మనిషి ఎవరో, ముక్కు మీద కోపంతో తిరిగే పిల్ల ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ నన్ను నమ్మలేదు. బయటికి వచ్చాక మా గైడు నా భుజం తట్టి, "నీది మంచి మనసమ్మా, కానీ విచారణల్లో ఇలాంటివి చెయ్యకూడదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మొహం చూడాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది. ఎవరి గురించి సిగ్గో తేల్చుకోలేదు.

అక్కను స్టోర్సుకు మార్చారు. సిమ్యులేటర్‌ను ఒక కొత్త కుర్రాయనకు అప్పగించారు. ఆయన ఒకటో తారీఖు పరీక్షను తనంతట తానే జరిగిపోయే ప్రోగ్రాంగా రాసేశాడు. మంచి పనే. దారిలో అరవై సైకిళ్లు పెట్టి నా లెక్కలన్నీ మళ్లీ నడిపితే నా పద్ధతి పాతదాని కన్నా పదకొండు శాతం నిదానమని తేలింది. అదే రాశాను. కబుర్లకు ఎంత టైము పడితే ఎక్కడ నా పద్ధతి ఓడిపోతుందో చూపించే థీసిస్‌గా అది మారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డిగ్రీ మాత్రం ఇచ్చారు.

డిగ్రీ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం స్టోర్సుకు వెళ్లాను. కిటికీ లేని గది. ఇనప అరల నిండా పాత కీబోర్డులు, చిక్కుపడిన కేబుళ్లు. అక్క కింద కూర్చుని ఒక కేబులు చిక్కు తీస్తోంది. నేనూ కింద కూర్చున్నాను. మిఠాయి డబ్బా ఇస్తే ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. రుచి తెలిసిందో లేదో మొహంలో కనిపించలేదు.

"ఎందుకు అబద్ధం చెప్పారక్కా?" అని అడిగాను.

"ఏది?"

"ఫోన్ రాలేదని."

కేబులు ముడి ఒకటి విప్పింది. ఇంకొకటి విప్పింది. "ఆ రోజు నేను రానంటే నువ్వేం చేసేదానివి?"

"ఏం చేస్తాను. ఊరుకునేదాన్ని."

"మరి. రానని అనొచ్చు. అనలేదు." ఇంకో ముడి వెతుక్కుంటూ అంది, "పొద్దున్నుంచీ ఆయనది ఒకటే పాట. ఇంటికెప్పుడెళ్దాం, ఇంటికెప్పుడెళ్దాం. ఇంక వెళ్లడని డాక్టరు ముందురోజే నాతో చెప్పేశాడు. ఆ గదిలో కూర్చుని ఆయన మొహం చూడలేకపోయాను. నీ ఫోన్ రాగానే ప్రాణం లేచొచ్చింది పిల్లా. ఆఫీసులో అర్జెంటని లేచాను. నువ్వు పిలిచావని వచ్చానంటే తప్పు నీది అవుతుంది. నీది కాదు. బయటపడ్డానికి నాకొక సాకు కావాలి, నువ్విచ్చావు. అది ఆ ముగ్గురి ముందు ఎలా చెప్పను?"

ఏదో ఒకటి అడగాలని, "బావగారేమన్నారు?" అన్నాను.

"ఎంతసేపన్నాడు. అరగంట అన్నాను."

అసలు లెక్కతో నా ప్రోగ్రాం నడవడానికి నాలుగు గంటలు పడుతుంది. కబుర్లు దారిలో ఆగే లెక్కంతా తీసేస్తే ఇరవై నిమిషాలు. ఈ సంగతి ఆవిడ నాకు చెప్పక్కర్లేదు.

"అందుకే సున్నా పెట్టాను. రేపొచ్చి మార్చేద్దామనుకున్నాను. నీకు మెయిలు పెట్టి పరిగెత్తాను. గదిలోకి వెళ్లేసరికి నర్సు దుప్పటి సర్దుతోంది." అక్క చేతిలో కేబులు అలాగే ఉండిపోయింది. "అరగంటకి ఇంకా రెండు నిముషాలుంది. గోడ గడియారం చూశాను. నేను మాట తప్పలేదు. ఆయనే ఆగలేదు."